తోటను కాచే పురుగులు

పాఠ్యభాగ సందర్భం

పురుగు అనగానే పంటకు శత్రువు అన్న భావం చాలామందిలో స్థిరపడిపోయింది. పంటను తినే పురుగులు ఉన్నట్లే, ఆ పురుగులను తిని బతికే పురుగులూ ప్రకృతిలో ఉన్నాయి. వాటిని గుర్తించి, కాపాడి, అవసరమైనప్పుడు పెంచి తోటల్లోకి వదిలే పద్ధతిని జీవనియంత్రణ అంటారు. కరవు సీమగా పేరుపడిన అనంతపురం ప్రాంతపు పండ్ల తోటలను ఆధారంగా చేసుకొని ఈ పాఠం ఆ పద్ధతిని వివరిస్తుంది.

పాఠ్యభాగం

అనంతపురం ఎత్తైన మెట్టసీమ. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలను దాటి ఇక్కడికి చేరేసరికి తేమను చాలావరకు కోల్పోతాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం నుండి ఇంత లోపలికి బలహీనంగానే వస్తాయి. అందువల్ల ఇక్కడి సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. 2022 ఏప్రిల్‌లో పాత జిల్లా అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయింది. పేర్లు రెండైనా ఆ ఎర్రనేలల దప్పిక ఒక్కటే.

దశాబ్దాల పాటు ఇక్కడి రైతు వేరుశనగనే నమ్ముకొన్నాడు. వాన మొగం చాటేసిన ఏడాది పెట్టిన పెట్టుబడి మట్టిపాలయ్యేది. బోరుబావులు, బిందుసేద్యం విస్తరించిన కొద్దీ పండ్ల తోటలు పెరిగాయి. చీనీ, మామిడి, దానిమ్మ, అరటి, బొప్పాయి, జామ తోటలు నేడు ఈ సీమకు కొత్త రూపాన్ని ఇచ్చాయి. ఇతర ప్రాంతాల వారు బత్తాయి అనే పండునే ఇక్కడ చీనీ అంటారు. నార్పల, గార్లదిన్నె, తాడిపత్రి, పుట్లూరు, యల్లనూరు ప్రాంతాల్లో చీనీ తోటలు ఎక్కువ.

వేరుశనగ పోతే ఆ ఏటి పంటే పోతుంది. చీనీ చెట్టు పోతే ఏళ్ల తరబడి చేసిన సేద్యం పోతుంది. నాటిన తరువాత చెట్టు సక్రమమైన కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. ఆపైన ఎన్నో ఏళ్లు అది కుటుంబాన్ని పోషించాలి. అందుకే బోర్లు ఎండిపోయిన ఏళ్లలో రైతులు ట్యాంకర్లతో నీళ్లు తోలించి చెట్లను బతికించుకొన్నారు. అంత ఖర్చుతో నిలుపుకొన్న చెట్టు మీద పురుగు కనబడితే రైతు చేయి వెంటనే పిచికారీ యంత్రం మీదకు పోవడం సహజం. ఆ తొందర ఒక్కోసారి తోటకు మేలు చేయకపోగా కీడు చేస్తుంది. అది ఎలా జరుగుతుందో తెలియాలంటే ముందుగా తోటలో ఎవరెవరు కాపురముంటున్నారో తెలియాలి.

తోటలోని శత్రువులు

చీనీ లేత చిగుళ్లను ఆకు తొలిచే పురుగు ఆశిస్తుంది. అది ఆకు పొరల మధ్య దూరి, వెండి గీతల వంటి వంకర దారులను మిగుల్చుతుంది. నిమ్మజాతి సీతాకోకచిలుక ఆకులపై ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. దాని గొంగళి పురుగు మొదట పక్షి రెట్టలా కనిపించి, పెరిగిన కొద్దీ ఆకుపచ్చగా మారుతుంది. లేత మొక్కలను అది మోడు చేయగలదు. కంటికి సరిగా ఆనని నల్లి కాయ తోలును గోకి రసం పీల్చడం వల్ల కాయ తుప్పు రంగుకు తిరుగుతుంది. దీనినే రైతులు మంగు అంటారు. మంగు పట్టిన కాయ లోపల బాగానే ఉన్నా సంతలో దాని ధర పడిపోతుంది.

వీటన్నిటిలో పిండినల్లి తీరు వేరు. దాని ఒంటిపై తెల్లని మైనపు పిండి కప్పి ఉంటుంది. చిగుళ్లలో, కాయ తొడిమల దగ్గర, ఆకుల అడుగున గుంపులుగా చేరి రసం పీల్చుతుంది. తాను జీర్ణించుకోలేని చక్కెరను తేనె వంటి జిగట ద్రవంగా విసర్జిస్తుంది. ఆ జిగటపై నల్లని బూజు పెరిగి ఆకులు మసిబారుతాయి. మసిబారిన ఆకుకు ఎండ సరిగా అందదు. ఆ తీపి కోసం చీమలు బారులు కట్టి వస్తాయి. పాడి పశువులను కాపరి కాచినట్లు చీమలు పిండినల్లిని కాస్తాయి. దాన్ని తినవచ్చిన ఇతర పురుగులను తరిమివేస్తాయి. పిండినల్లి ఒంటిమీది మైనం మందు నీటిని లోపలికి దిగనీయదు. అందుచేత పలుమార్లు మందు కొట్టినా అది పూర్తిగా లొంగదు.

తోటలోని మిత్రులు

రైతుకు మేలు చేసే పురుగులను శాస్త్రజ్ఞులు రెండు తెగలుగా విభజించారు. మొదటి తెగ పరభక్షకాలు. ఇవి ఇతర పురుగులను వేటాడి తింటాయి. గుండ్రంగా, చిన్నగా, రంగురంగుల చుక్కలతో కనిపించే అక్షింతల పురుగులు ఈ తెగలో ప్రసిద్ధమైనవి. అల్లిక రెక్కల పురుగు మరొకటి. ఇది సన్నని వెంట్రుక వంటి కాడల చివర గుడ్లు పెడుతుంది. దాని పిల్లపురుగు పేనుబంకను, ఇతర మెత్తని పురుగులను కొడవళ్ల వంటి దవడలతో పట్టి పీల్చివేస్తుంది. పురుగుల జాతికి చెందకపోయినా సాలీళ్లు కూడా ఇదే పని చేస్తాయి. మంగు కలిగించే నల్లిని తినే మేలు నల్లులు కూడా ఉన్నాయి.

రెండవ తెగ పరాన్నజీవులు. ఇవి ఎక్కువగా చీమ కంటే చిన్నవైన కందిరీగ జాతి పురుగులు. ఇవి శత్రువు గుడ్డులోనో శరీరంలోనో తమ గుడ్లు పెడతాయి. పొదిగిన పిల్ల శత్రువును లోపలి నుండి తినుకుంటూ పెరిగి, చివరకు డొల్లకు రంధ్రం చేసుకొని బయటపడుతుంది. ట్రైకోగ్రామా అనే పరాన్నజీవి సీతాకోకచిలుకల, రెక్కల పురుగుల గుడ్లను వెతికి వాటిలో తన గుడ్లు పెడుతుంది. అందువల్ల గొంగళి పురుగు పుట్టకముందే నశిస్తుంది. ప్రయోగశాలలో బియ్యపు పురుగు గుడ్లపై దీనిని పెంచి, ఆ గుడ్లను అట్టముక్కలపై అతికించి రైతులకు అందిస్తారు. దాదాపు 20,000 గుడ్లు పట్టే ఈ అట్టను ముక్కలుగా కత్తిరించి, చల్లని సాయంత్రం వేళ ఆకుల అడుగున గుచ్చుతారు. దానిమ్మలో కాయ తొలిచే పురుగును అదుపు చేయడానికి కూడా దీనిని వాడతారు.

పాత విద్య, కొత్త శాస్త్రం

పురుగుతో పురుగును అణచే విద్య నారింజ తోటల్లోనే పుట్టిందని చెప్పవచ్చు. దక్షిణ చైనా మొక్కలను గురించి క్రీ.శ. 304 ప్రాంతంలో జి హాన్ రచించినట్లు చెప్పే గ్రంథంలో దీని ప్రస్తావన ఉన్నది. ఆకులను కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలను ఆ దేశపు సంతల్లో గూళ్లతో సహా అమ్మేవారు. రైతులు వాటిని కొని నారింజ చెట్లపై వదిలేవారు. ఆ చీమలు లేని చెట్ల కాయలను పురుగులు పాడుచేసేవి. చీమలు ఒక చెట్టు నుండి మరొక చెట్టుకు పోవడానికి తరువాతి కాలంలో వెదురు బద్దలతో వంతెనలు కూడా కట్టారు. బత్తాయి శాస్త్రీయ నామంలోని సైనెన్సిస్ అనే మాటకు చైనాకు చెందినది అని అర్థం. చీనీ అన్న పేరు కూడా ఆ దేశాన్నే తలపిస్తుంది.

ఆధునిక కాలంలో ఈ విద్యకు శాస్త్ర గౌరవం తెచ్చినది అమెరికాలోని కాలిఫోర్నియా. 1868 ప్రాంతంలో ఆస్ట్రేలియా మొక్కల వెంట దూది వంటి సంచి గల ఒక పొలుసు పురుగు అక్కడికి చేరింది. ఇరవై ఏళ్లలో అది నారింజ తోటలను అతలాకుతలం చేసింది. పుట్టినచోట ఆ పురుగు ఇంతగా చెలరేగడం లేదంటే, దాన్ని అదుపు చేసే జీవి అక్కడ ఉండాలని శాస్త్రజ్ఞులు ఊహించారు. 1888లో ఆల్బర్ట్ కోబెలే అనే కీటక శాస్త్రజ్ఞుడు ఆస్ట్రేలియాకు వెళ్లి, వెడాలియా అనే అక్షింతల పురుగును కనుగొన్నాడు. ఓడలో పంపిన వాటిలో ప్రాణాలతో చేరినవి 129 మాత్రమే. లాస్ ఏంజిలస్‌లో గుడారం కప్పిన ఒక చెట్టుపై వాటిని వదిలారు. కొద్ది నెలల్లోనే 10,000కు పైగా పురుగులను ఇతర తోటలకు పంచగలిగారు. రెండేళ్లు తిరగకుండానే నారింజ తోటలు తేరుకొన్నాయి. అదే పొలుసు పురుగు 1928లో నీలగిరిలో కనిపించినప్పుడు మన దేశం కూడా వెడాలియానే తెప్పించుకొన్నది.

గుమ్మడికాయపై పెరిగే సైన్యం

పిండినల్లిపై ప్రయోగించే అక్షింతల పురుగు పేరు క్రిప్టోలీమస్. దీని జన్మస్థలం కూడా ఆస్ట్రేలియానే. 1898లో దీనిని దక్షిణ భారతదేశానికి తెచ్చారు. కాఫీ తోటల్లోని ఆకుపచ్చ పొలుసు పురుగును తింటుందన్న ఆశతో తెచ్చినా ఆ పని అంతగా నెరవేరలేదు. అయితే అది ఇక్కడి పిండినల్లిని తింటూ స్థిరపడింది. బెంగుళూరు సమీపంలోని హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ దీనిని పెద్ద ఎత్తున పెంచే పద్ధతులపై కృషి చేసింది. ద్రాక్ష, జామ, నిమ్మజాతి తోటల్లో దీని ప్రయోజనాన్ని పరీక్షించి నిరూపించింది.

పెంచే విధానం ఆసక్తికరమైనది. గాడులున్న గుమ్మడికాయలను శుభ్రపరచి, వాటిపై మొదట పిండినల్లిని పెంచుతారు. కాయ అంతా తెల్లగా పరచుకొన్న తరువాత పెట్టెలో ఉంచి అక్షింతల పురుగులను వదులుతారు. అవి పిండినల్లి గుడ్ల సంచుల్లోనే తమ గుడ్లు పెడతాయి. సుమారు నెల రోజుల్లో కొత్త తరం పురుగులు బయటకు వస్తాయి. చీనీ తోటలో పిండినల్లి సోకిన చెట్టుకు పది చొప్పున వీటిని వదలడం వాడుక. శత్రువు లేని చెట్లపై వీటిని వదిలితే ఆహారం దొరకక ఎగిరిపోతాయి. అందువల్ల ముందుగా సోకిన చెట్లను గుర్తించి గుర్తు పెట్టుకోవాలి.

ఇక్కడే రైతుకు ఒక చిక్కు ఎదురవుతుంది. పెద్ద పురుగు తల నారింజ రంగులో, రెక్కలు నల్లగా ఉంటాయి కాబట్టి సులభంగా గుర్తించవచ్చు. దాని పిల్లపురుగు మాత్రం ఒళ్లంతా తెల్లని మైనపు పోగులతో అచ్చం పిండినల్లిలాగే కనిపిస్తుంది. వదిలిన కొద్ది రోజులకు చెట్టుపై తెల్లని పురుగులు పెద్దవై తిరుగుతుంటే శత్రువు పెరిగిందని రైతు కంగారుపడి మందు కొడతాడు. దానితో తన డబ్బుతో తెచ్చిన కాపలాదారుకు తన చేతితోనే ప్రాణం తీసినవాడవుతాడు. ఈ రెంటినీ వేరుచేసే గుర్తులు ఉన్నాయి. పిండినల్లి ఉన్నచోటనే దాదాపు కదలకుండా ఉంటుంది. పిల్లపురుగు దానికంటే పెద్దది. మైనపు పోగులు పొడవుగా ఉంటాయి. ముట్టుకొంటే చురుగ్గా కదులుతుంది. ఈ నాలుగు గుర్తులు తెలిసిన రైతు తోటను కాపాడుకోగలడు.

బొప్పాయి చెప్పిన పాఠం

2008లో తమిళనాడులోని కోయంబత్తూరు ప్రాంతంలో ఒక కొత్త పిండినల్లి కనిపించింది. మెక్సికో, మధ్య అమెరికా దీని స్వస్థలం. బొప్పాయి చెట్లు తెల్లగా కప్పుకుపోయి ఎండిపోయాయి. అది బొప్పాయితో ఆగక కర్రపెండలం, పత్తి, మల్బరీ మొక్కలను కూడా ఆశిస్తూ పొరుగు రాష్ట్రాలకు వ్యాపించింది. రైతులు మందుపై మందు కొట్టినా అది తగ్గలేదు. మల్బరీ రైతుకు ఆ దారి కూడా మూసుకుపోయింది. మందు చల్లిన ఆకును మేస్తే పట్టుపురుగు చస్తుంది. హిందూపురం, మడకశిర ప్రాంతాల్లో పట్టుపురుగులను పెంచే కుటుంబాలకు ఈ మాట విడమరచి చెప్పనవసరం లేదు.

మన నేలపైన కూడా ఈ పిండినల్లిని తినే జీవులు లేకపోలేదు. స్పాల్జిస్ అనే సీతాకోకచిలుక గొంగళి పురుగు ఆకులకు బదులుగా పిండినల్లినే తింటుంది. దాని ప్యూపా కోతి ముఖాన్ని తలపిస్తుంది. అయినా కొత్త శత్రువు పెరిగిన వేగాన్ని అందుకోవడం ఇటువంటి వాటికి సాధ్యం కాలేదు. అప్పుడు బెంగుళూరులోని జాతీయ వ్యవసాయోపయోగ కీటకాల సంస్థ 2010లో ప్యూర్టో రికో నుండి మూడు జాతుల పరాన్నజీవులను తెప్పించింది. ముందుగా వాటిని ఏకాంత ప్రయోగశాలలో ఉంచి, మేలుచేసే ఇతర జీవులకు హాని చేయవని నిర్ధారించుకొన్నారు. ఆ తరువాత పెంచి, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, కృషి విజ్ఞాన కేంద్రాల ద్వారా తోటలకు చేర్చారు. వాటిలో అసెరోఫేగస్ పపాయే అనే జాతి అద్భుతంగా పనిచేసింది. మిల్లీమీటరు పొడవైనా లేని ఆ కందిరీగ పిండినల్లి శరీరంలో గుడ్డు పెడుతుంది. పిండినల్లి గోధుమరంగు డొల్లగా మారిపోతుంది. నెలల వ్యవధిలోనే శత్రువు అదుపులోకి వచ్చింది. ఒకసారి స్థిరపడిన కందిరీగ తనంతట తానే తోట నుండి తోటకు వ్యాపించింది.

మందు ఎదురుతిరిగే వేళ

పురుగుమందు మిత్రుడిని, శత్రువును వేరుచేసి చూడదు. పైగా శత్రువు ఆకు మడతలో, మైనపు పొర కింద దాగి ఉంటుంది. మిత్రుడు వేట కోసం ఆకులపై తిరుగుతూ ముందుగా మందుకు చిక్కుతాడు. మిగిలిన శత్రువు త్వరత్వరగా సంతతిని పెంచుకొంటుంది. దానిని తిని బతికే మిత్రులు మళ్లీ పెరగడానికి సమయం పడుతుంది. ఆ ఎడంలో తోట మునుపటి కంటే ఎక్కువగా దెబ్బతింటుంది. కాలిఫోర్నియాలో సరిగా ఇదే జరిగింది. 1940ల మధ్యకాలంలో శాన్ వాకీన్ లోయలోని నారింజ తోటలపై డీడీటీ చల్లారు. వెడాలియా పురుగులు నశించాయి. అర్ధశతాబ్దంగా అణగి ఉన్న పొలుసు పురుగు మళ్లీ విజృంభించింది. మందు వాడకాన్ని మార్చి, వెడాలియాను తిరిగి తెచ్చి వదిలిన తరువాతనే పరిస్థితి కుదుటపడింది.

అనంతపురం వంటి చోట మరొక లెక్క కూడా ఉన్నది. నిండుగా పెరిగిన చెట్టును తడపాలంటే మందుతో పాటు లీటర్ల కొద్దీ నీరు కావాలి. తాగునీటికే కటకటలాడే వేసవిలో ఒక్క అనవసరపు పిచికారీ తప్పినా నీరు, కూలి, మందు మూడూ మిగులుతాయి.

రైతు చేయవలసినవి

మొదటి పని పరిశీలన. వారానికి ఒకసారైనా తోటలో తిరిగి, కొన్ని చెట్ల ఆకులను తిప్పి చూడాలి. శత్రువులతో పాటు మిత్రులను కూడా లెక్కించాలి. మిత్రులు తగినన్ని ఉంటే వేచి చూడడమే మంచిది.

రెండవది చీమలను ఆపడం. నేలను తాకే కొమ్మలను కత్తిరించి, కాండం చుట్టూ జిగురు పట్టీ కట్టాలి. చీమల కాపలా తొలగితే అక్షింతల పురుగు పని సులువవుతుంది.

మూడవది దుమ్మును తగ్గించడం. బండ్ల బాట పక్కనున్న చెట్లపై దుమ్ము పేరుకొంటే పరాన్నజీవులకు తిరుగాడడం కష్టమవుతుంది. నల్లి మాత్రం పెరుగుతుంది. గట్ల వెంట జొన్న, సజ్జ వంటి పైర్లను దట్టంగా వేస్తే దుమ్ము కొంత ఆగుతుంది. సాళ్ల మధ్య బంతి, అలసంద వంటివి వేస్తే మిత్రపురుగులకు పుప్పొడి, మకరందం, నీడ లభిస్తాయి. రాష్ట్రంలో 2016 నుండి సాగుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం కూడా ఇటువంటి మిశ్రమ పైర్లను ప్రోత్సహిస్తున్నది.

నాలుగవది, తప్పనిసరి అయితేనే మందు వాడడం. అది కూడా సోకిన చెట్లకే పరిమితం కావాలి. ముందుగా 5 శాతం వేపగింజల కషాయం వంటి మెత్తని మందులను ప్రయత్నించాలి. మిత్రపురుగులను వదలడానికి ముందు, వదిలిన తరువాత కొన్ని వారాల పాటు ఘాటైన మందుల జోలికి పోరాదు.

ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి. పండ్ల రసం పీల్చే రెక్కల పురుగు రాత్రివేళ ఎక్కడినుండో ఎగిరివచ్చి, పండుకు రంధ్రం చేసి తెల్లవారేసరికి వెళ్లిపోతుంది. దాని పిల్లలు తోటలో పెరగవు. కంచెలపై అల్లుకొన్న తిప్పతీగ, దూసరితీగ వంటి వాటిపై పెరుగుతాయి. తోటలో వదిలిన మిత్రపురుగులు దాన్ని ఆపలేవు. ఆ తీగలను తొలగించడం, రాలిన పండ్లను ఏరి పూడ్చిపెట్టడం, వీలైనచోట కాయలకు సంచులు తొడగడం అవసరం. మిత్రపురుగుల ఫలితం కనబడడానికి కూడా వారాలు పడుతుంది. పక్క తోటలో మందు చల్లితే ఆ గాలికి ఇవతలి తోటలోని పురుగులు కూడా చస్తాయి. కాబట్టి ఒక్క రైతు పూనుకోవడం కంటే ఊరంతా కలిసి అనుసరించినప్పుడే ఈ పద్ధతి నిలుస్తుంది.

కరవు నేలపై ఒక చెట్టును నిలబెట్టడానికి రైతు నీటిని బొట్టుబొట్టుగా లెక్కపెట్టడం నేర్చుకొన్నాడు. అదే శ్రద్ధతో ఆకు వెనుక ఉన్న జీవులను గమనించడం నేర్చుకొంటే మందుల ఖర్చు తగ్గుతుంది, పండు శుభ్రంగా ఉంటుంది, తేనెటీగ బతుకుతుంది. చదువుకొంటున్న యువత తమ తల్లిదండ్రుల తోటల్లో ఒక భూతద్దంతో ఈ పనిని మొదలుపెట్టవచ్చు. ఏది పిండినల్లి, ఏది దాన్ని తినవచ్చిన పిల్లపురుగు అని చెప్పగలిగిన ఒక్కరు ఇంట్లో ఉంటే ఆ తోటలో ఒక పొరపాటు పిచికారీ ఆగుతుంది.

పదాలు – అర్థాలు

మెట్టసీమ : వాన మీద ఆధారపడిన ఎత్తైన నేల
బిందుసేద్యం : మొక్క మొదట చుక్కలుగా నీరు అందించే పద్ధతి
పరభక్షకం : ఇతర జీవులను వేటాడి తినే జీవి
పరాన్నజీవి : మరొక జీవిపై ఆధారపడి, దాన్ని తింటూ బతికేది
సంతతి : పిల్లల వరుస
విజృంభించు : చెలరేగు
ఎడం : నడిమి వ్యవధి
కుదుటపడు : చక్కబడు

ప్రశ్నలు

1. చీనీ చెట్టు నష్టం వేరుశనగ నష్టం కంటే పెద్దదని ఎందుకు చెప్పవచ్చు?
2. చీమలకు, పిండినల్లికి ఉన్న సంబంధాన్ని వివరించండి.
3. క్రిప్టోలీమస్ పిల్లపురుగును పిండినల్లి నుండి ఎలా వేరుగా గుర్తిస్తారు?
4. బొప్పాయి పిండినల్లిని అదుపు చేసిన తీరును మీ మాటల్లో రాయండి.
5. పురుగుమందు వాడిన తరువాత శత్రుపురుగు మరింత పెరగడానికి కారణాలేమిటి? ఒక ఉదాహరణతో తెలపండి.
6. జీవనియంత్రణకు గల హద్దులేమిటి?